గేటు దగ్గర చూసిన మనిషి

ఆ రోజు తెల్లవారింది గాని వెలుగు కిందికి దిగలేదు. మబ్బు ఇళ్ళ కప్పుల మీద తడిబట్ట ఆరేసినట్టు పరుచుకుని ఉంది. గాలి ఊసే లేదు. వంటిళ్ళ పొగ కాస్త పైకి లేచి, ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోయింది. వాన తప్పదనుకుని పిట్టలు తీగల మీంచి దిగి చూరుల కింద చేరాయి. వాన మాత్రం రాలేదు.

చిన్నమ్మాయి దుకాణం తలుపు చెక్కలు ఒక్కొక్కటే తీసి గోడకు ఆనించింది. తలలో ఒకటీ అరా తెల్లవెంట్రుక కనబడుతున్నా వీధిలో అందరికీ ఆమె ఇంకా చిన్నమ్మాయే. పెద్దమ్మాయి అన్న మాట మాత్రం ఆ వీధిలో ఎవరూ పైకి అనరు. అనాల్సి వస్తే గొంతు తగ్గించి "ఆ అమ్మాయి" అంటారు.

అది కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక పాత పరదా. లోపలికి అడుగుపెడితే ముందు నూనె వాసన తగులుతుంది, ఆ వెనకే చల్లటి ఇనుము వాసన. మేకులకు తోలు బెల్టులు వేలాడుతుంటాయి. బల్ల మీద రేకు డబ్బాల నిండా స్క్రూలు, బాబిన్లు, మొండి సూదులు. తండ్రికి మోకాళ్ళు పట్టేశాయి, దగ్గరి చూపు మందగించింది. అందుకని చేతిపని అంతా చిన్నమ్మాయి మీదే పడింది. ఆయన స్టూలు మీద కూర్చుని, తిరుగుతున్న మిషనుకేసి చెవి ఒగ్గి, "కింద బిగువెక్కువైంది, కాస్త సడలించు" అని చెబుతుంటాడు.

తెరిచీ తెరవగానే మూల ఇంటి దర్జీ ఆవిడ వచ్చింది.

"నా మిషను అయిందా, చిన్నమ్మాయ్? నా మొగుడికన్నా ఎక్కువ రొద పెడుతోంది అది."

"అయిందత్తా. మావయ్యని కూడా పట్రా, రెండు చుక్కల నూనె వేసి పంపిస్తాను."

"వద్దులే తల్లీ. ఇప్పటికే చేతికి దొరకడు, నూనె కూడా వేస్తే ఇంకా జారిపోతాడు."

నవ్వుతూనే ఆవిడ పరదా సందులోంచి లోపలికి చూసింది. అక్కడ గుమ్మం పక్కన సర్ది పెట్టిన సంచి కనబడింది. నవ్వు ఆగిపోయింది. "అయితే నిజమేనన్నమాట. రేవు పట్నం పోతున్నారా?" అంది గొంతు తగ్గించి.

"మధ్యాహ్నం బండికి."

ఆవిడ మిషను తలకాయ గుడ్డలో చుట్టి చంకన పెట్టుకుని, గడప దగ్గర ఒకసారి ఆగి, వెళ్ళిపోయింది.

పెద్దమ్మాయి కనబడకుండా పోయిన సంగతి వీధిలో తెలియనివాళ్ళు లేరు. మొగుడు లారీ తోలుతూ దూరాలు తిరుగుతుంటే పాపను తీసుకుని పుట్టింట్లో ఉండేది. ఒకరోజు పొద్దున పాపకు దగ్గు తగ్గడం లేదని, ఎత్తుకుని డాక్టరు దగ్గరికి బయలుదేరింది. రెండు వీధులు దాటితే ఆస్పత్రి. ఆస్పత్రికి చేరలేదు. ఇంటికీ తిరిగి రాలేదు. తల్లి గుమ్మంలో నిలబడి వీధి మలుపు దాకా చూసింది. మలుపు తిరిగాక ఏమైందో ఈనాటికీ ఎవరికీ తెలియదు. ఇంట్లో గొడవ లేదు, చేతిలో సంచి లేదు, ఎవరి మీదా అనుమానం లేదు. మొగుణ్ణి పోలీసులు అడగాల్సినవన్నీ అడిగారు. ఆ రోజు అతను ఎక్కడో కొండల అవతల సరుకు దింపుతున్నాడని తేలింది. పాపం, అతనూ ఊరూరా తిరిగి తిరిగి అలిసిపోయి, చివరికి ఇంకోచోట ఇంకో సంసారంలో పడ్డాడు. బావుల్లో వెతికారు, కాలవలో వెతికారు, పాడుబడ్డ ఇళ్ళలో వెతికారు. పాప చెప్పు కూడా దొరకలేదు.

మొదట్లో పోలీసాయన ఫోటో అడిగాడు. ఇంట్లో ఉన్నదల్లా ఒక్క గుంపు ఫోటో. అందులో పెద్దమ్మాయి పక్కకు తిరిగి ఎవరితోనో నవ్వుతోంది. ఆయన దాన్ని వెలుగులోకి పట్టి చూసి, "ఇందులో చెవి తప్ప ఏమీ కనబడట్లేదయ్యా" అన్నాడు.

అప్పుడు తండ్రికి ఆ ఆలోచన వచ్చింది. ఆయన దుకాణంలో ఒక పద్ధతి ఉంది. మిషను ముక్క పోయిందని ఎవరైనా వచ్చి, అది ఇలా ఉంటుంది, అలా ఉంటుందని చేతులు తిప్పుతుంటే, "పోయినదాని సంగతి నాకు చెప్పకు. దాని జత పట్రా" అనేవాడు. జత చూపిస్తే పోయింది ఏదో చిటికెలో తెలిసిపోతుంది, ఏదో ఒక డబ్బాలో దొరుకుతుంది కూడా. బతుకంతా అలాగే గడిపిన మనిషి. ఫోటో తిరిగి జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చి, చిన్నమ్మాయి మొహంలోకి చూసి, "మన దగ్గర జత ఉందిగా" అన్నాడు.

ఇంట్లో ఎవరికీ అది తప్పనిపించలేదు. అక్కచెల్లెళ్ళది ఒకే పొడవు, ఒకే నడక. ఇద్దరికీ ఒకే తానులోంచి చింపించిన పసుపు శాలువాలు కూడా ఉన్నాయి. అక్క పోయిన సరిగ్గా వారానికి, అక్క పోయిన వేళకే, చెల్లెలు శాలువా కప్పుకుని, జుట్టు అక్కలా ముడి వేసుకుని, ఇస్త్రీ చేసే ఆవిడ కూతుర్ని చంకనెత్తుకుని గుమ్మం దాటింది. వెనక దూరంగా తండ్రి ప్రతి దుకాణం దగ్గరా ఆగుతూ, "ఇదిగో, ఈ మనిషిని ఆ రోజు చూశారా?" అని అడుగుతూ వచ్చాడు.

చూశామన్నారు. అదే వచ్చిన చిక్కు. ఆ రోజు కాదన్నవాళ్ళు కూడా తర్వాత వారంలో వచ్చి చూశామన్నారు. రొట్టెల దుకాణంవాడు చూశాడు, పంపు దగ్గర ఆడవాళ్ళు చూశారు, తపాలా మనిషి చూశాడు. అందరూ పసుపు శాలువా చూశారు. పోలీసాయన రాసుకుని రాసుకుని, ఒకనాడు కలం కింద పెట్టి, "ఇక వీళ్ళలో ఎవరు ఎవర్ని చూశారో దేవుడు కూడా చెప్పలేడు" అన్నాడు. ఆ మాట తండ్రి ఇంట్లో చెప్పలేదు. పక్కనే ఉండి విన్నది కనక చిన్నమ్మాయికి తెలుసు.

నిన్న గేటు మనిషి వచ్చాడు.

ఒకప్పుడు ఊరి చివర రైలుగేటు వేసి తీసే పని అతనిది. తర్వాత ఎక్కడికో మార్చారు. ఇప్పుడు ఉద్యోగం అయిపోయి కూతురి దగ్గర ఉంటున్నాడు. కూతురి మిషను షటిల్ అరిగిందని పట్టుకొచ్చాడు. చిన్నమ్మాయి మిషను బోర్లించి చూస్తుంటే అతను ఆమె మొహంకేసి అదేపనిగా చూశాడు. తండ్రికి అన్నం తెచ్చిన తల్లి అప్పుడే పరదా తీసుకుని వచ్చింది.

"ఏమనుకోకండి" అన్నాడతను. "బిడ్డతో సహా కనబడకుండా పోయిన అమ్మాయి మీ మనిషేనా? ఈ అమ్మాయిని చూస్తే గుర్తొచ్చింది. ఆమెను నేను చూశాను. గేటు వేసి ఉంటే వచ్చి నిలబడింది. పసుపు శాలువా. చంకలో పిల్ల. ఈ బండి ఎక్కితే చివరికి ఎక్కడికి పోతుందని నన్ను అడిగింది. రేవు పట్నం అని చెప్పాను. ఆ వారమే నన్ను మార్చేశారు. ఇలా ఒకామె పోయిందన్న సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది."

తల్లి చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. తర్వాత ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో చిన్నమ్మాయికి గుర్తు లేదు. స్క్రూడ్రైవరు చేతిలో పట్టుకుని, నోట్లో మాట నోట్లోనే ఉంచుకుని నిలబడిపోయింది. ఎందుకంటే గేటు దగ్గర నిలబడింది తను. ఆ మాట అడిగింది తను.

అలా అడగమని ఎవరూ చెప్పలేదు. తండ్రి రొట్టెల దుకాణం దగ్గర మాటల్లో పడి వెనకబడిపోయాడు. తను నడుస్తూ నడుస్తూ గేటు దాకా పోయింది. చంకలో ఇస్త్రీ ఆవిడ పిల్ల ఏడుస్తోంది. బండి ధడధడ పోతోంది. ఆ క్షణాన తను అక్కే అయినట్టు, ఇంటికి వెనక్కి పోవాల్సిన పని లేనట్టు అనిపించింది. నోట్లోంచి ఆ మాట వచ్చింది, అంతే.

నిన్నంతా చెబుదామనుకుంది. తల్లి తలంటుకుని, జుట్టు చిక్కు తీసుకుంటూ పాటలాంటిదేదో కూనిరాగం తీస్తుంటే చెప్పలేకపోయింది.

ఇప్పుడు పరదా కదిలింది. తల్లి చేతిలో ఇస్త్రీ చేసిన పసుపు శాలువా ఉంది.

"చిన్నీ, ఇలా రా. ఇది కప్పుకో, చూస్తాను."

"ఎందుకమ్మా? ఉక్కగా ఉంది."

"ఇప్పుడు కాదే, అక్కడికి. నువ్వు నాతో రావాలి. నోటితో ఎంత చెప్పినా జనానికి ఏం తెలుస్తుంది? నీ మొహం చూపిస్తే గుర్తుపడతారు. ఓడల దగ్గర, బజార్లో, బడుల దగ్గర తిరుగుదాం. నీ పిన్ని కొడుకు గది చూస్తానన్నాడు. ఒక నెల పట్టనీ, ఏడాది పట్టనీ."

తండ్రి స్టూలు మీంచి, "దుకాణం?" అన్నాడు.

"దుకాణం ఎక్కడికీ పోదు. మనిషి పోయింది" అంది తల్లి.

చిన్నమ్మాయి శాలువా అందుకుంది. గోడకున్న అరచేతంత అద్దంలో చూసుకుంది. పోయేనాటికి అక్క వయసెంతో ఆ వయసు తను ఎప్పుడో దాటేసింది. కళ్ళ కింద నీడలు, దవడ దగ్గర సడలిన చర్మం. ఈ మొహం చూపించి ఎవర్ని వెతుకుతారు? రేవు పట్నంలో కూడా జనం చూశామంటారు. అక్కడా పసుపు శాలువా వీధివీధికీ మొలుస్తుంది. చూశామన్న ఒక్కో మాట పట్టుకుని తల్లి ఒక్కో ఊరు పోతుంది. అమ్మ మోకాళ్ళు మాత్రం ఇనుపవా?

"మిషను అయిందామ్మా?" గుమ్మంలో గొంతు వినిపించింది. గేటు మనిషి.

"రా అన్నయ్యా, రా" అంటూ తల్లి ఎదురెళ్ళింది. "నీ కోసమే చూస్తున్నా. లోపలికి రా, ఇంత ఎంగిలిపడి పోదువుగాని. బండి ఎక్కేలోగా ఆ మాట ఇంకోసారి చెప్పు. ఒక్క ముక్క కూడా వదలకుండా చెప్పు."

వెనక గదిలో నలుగురూ కూర్చున్నారు. గది చిన్నది. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, కిటికీ అవతల ఇటుక గోడ. తల్లి కుర్చీ అంచు మీద కూర్చుని అతని పెదవులకేసి చూస్తోంది. అతను గొంతు సవరించుకున్నాడు. తన మాట కోసం ఇంతగా ఎదురుచూసినవాళ్ళు అతని బతుకులో ఉన్నట్టు లేరు. కాస్త సిగ్గుపడుతూనే మొదలుపెట్టాడు.

"గేటు వేశాను. ఆమె వచ్చి కమ్మీ మీద చెయ్యి వేసి నిలబడింది. ఏమండీ, ఈ బండి ఎక్కితే చివరికి ఎక్కడికి పోతుందీ అంది. రేవు పట్నం దాకా పోతుందమ్మా అన్నాను. ఇంకా ఏదో అన్నాను, అదేమిటో..."

"చంటిపిల్లతో ఇవాళ వెళ్ళకమ్మా, నిలబడ్డానికి కూడా చోటుండదు, ఆదివారం వెళ్తే ఖాళీగా ఉంటుంది అన్నారు" అంది చిన్నమ్మాయి.

అతను తల తిప్పాడు.

"అని, పిల్ల ఏడుపు ఆపడానికి చేతిలో పచ్చ జెండా ఊపి చూపించారు. పిల్ల ఇంకా బెదిరిపోయింది. నా పిల్లలూ ఇంతే, జెండా చూస్తే చాలు ఏడుపు లంకించుకునేవాళ్ళు అని నవ్వారు."

అతని నోరు కొంచెం తెరుచుకుంది. "అవును" అన్నాడు మెల్లగా. "అవును, జెండా ఊపాను. అది నీకెవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదు మావయ్యా. అక్కడ నిలబడింది నేనే. అక్క పోయిన వారానికి. జనానికి గుర్తొస్తుందేమోనని నాన్న నన్ను అక్కలా నడిపించాడు. ఆ పిల్ల ఇస్త్రీ ఆవిడ కూతురు."

గేటు మనిషి కళ్ళు మూసుకున్నాడు. "ఆ పిల్ల అత్తా, ఇంటికి పోదాం అని ఏడ్చింది" అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. "తల్లిని అత్తా అంటుందేమిటా అని అప్పుడే అనుకున్నాను. తర్వాత మరిచిపోయాను. తెలియక చెప్పాను చెల్లెమ్మా. మీ మనసు..."

తల్లి అతన్ని చూడ్డం లేదు. చిన్నమ్మాయినే చూస్తోంది.

"అబద్ధం" అంది. "నువ్వు రావడానికి ఇష్టం లేక అంటున్నావు. ఆ ఊళ్ళో గదిలో పడుండాలని, ఊరంతా తిరగాలని..."

"అమ్మా."

"గేటు దాకా పోయానని నువ్వెప్పుడైనా చెప్పావా? బండి ఎక్కడికి పోతుందని నువ్వెందుకు అడుగుతావే? నీకేం పని?"

చిన్నమ్మాయి శాలువా కొంగును మడత మీద మడత పెట్టింది. "వెళ్ళిపోదామనిపించిందమ్మా. ఒక్క నిమిషం. అక్క ఎటు పోయిందో అటే పోదామనిపించింది. అది తప్పని దాచిపెట్టలేదు. చెప్పే మాటలా అనిపించలేదు, చెప్పలేదు. ఇవాళ చెప్పకపోతే నువ్వు ఆ పట్నంలో నా వెనకే నన్ను వెతుక్కుంటూ తిరుగుతావు."

తండ్రి రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. "ఇనుప ముక్కల పద్ధతి మనుషులకి పనికొస్తుందనుకున్నాను" అన్నాడు. "జత చూపిస్తే దొరుకుతుందనుకున్నాను. ఉన్న ఆనవాళ్ళు కూడా చెరిపేశాను."

బయట వీధిలో ఎవరో తోపుడుబండి తోసుకుంటూ పోయారు. చక్రం కిర్రుమంటూ దూరమైంది. తల్లి మొహంలో నిన్నటి వెలుగు ఎటు పోయిందో పోయింది. ఆ మొహం ఇప్పుడు నిన్నటికి ముందున్నట్టు కూడా లేదు. ఇంకా లోపలికి పోయినట్టుంది.

"అయితే చివరగా చూసింది ఎవరు?" అంది.

"నువ్వే అమ్మా. గుమ్మంలోంచి."

"నేను రెండుసార్లు చూశాను" అంది తల్లి. "అది పోయిన రోజు చూశాను. నువ్వు నడిచిన రోజు కూడా అదే గుమ్మంలో నిలబడి చూశాను. అదే శాలువా, అదే వీపు. ఇన్నేళ్ళూ నా కళ్ళ ముందు మలుపు తిరుగుతున్నది పెద్దదా, నువ్వా? చెప్పు. నువ్వే అన్నీ చెబుతున్నావుగా, ఇది కూడా చెప్పు."

ఇలాంటి ప్రశ్న వస్తుందని చిన్నమ్మాయి అనుకోలేదు. గేటు సంగతి చెబితే గేటు ఒక్కటే పోతుందనుకుంది. గుమ్మం కూడా పోతుందని ఆమెకు తట్టలేదు. లేచి వెళ్ళి తల్లి కుర్చీ పక్కన కింద కూర్చుంది.

"కళ్ళు మూసుకో అమ్మా. పాప ఎటు చూస్తోంది?"

"ఏ పాప?"

"నీకు కనబడేదాంట్లో. చంకలో పాప ఎటు చూస్తోంది?"

తల్లి కళ్ళు మూసుకుంది. రెప్పల కింద కనుగుడ్లు కదిలాయి. "నాకేసి" అంది. "గడ్డం భుజం మీద ఆనించింది. దగ్గి దగ్గి బుగ్గలు ఎర్రబడ్డాయి. మలుపు దగ్గర చెయ్యి తీసింది. ఊపడం సరిగ్గా రాదుగా దానికి... వేళ్ళు మూసి తెరిచింది. మూసి తెరిచింది."

"అది మన పాపే అమ్మా" అంది చిన్నమ్మాయి. "నేనెత్తుకున్న పిల్ల నీకేసి తిరగనే లేదు. వాళ్ళమ్మ మలుపులో నిలబడి రా రా అని పిలుస్తుంటే, చేతులు చాచి అటే ఎగబడింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. నువ్వు చూసింది అక్కనే."

తల్లి కళ్ళు తెరవలేదు. ఆమె చెయ్యి ఒళ్ళో పడి ఉంది. వేళ్ళు నెమ్మదిగా మూసుకున్నాయి. తెరుచుకున్నాయి.

గేటు మనిషి లేవబోయాడు. "నేను వెళ్తానమ్మా. మిషను తర్వాత..."

"కూర్చో అన్నయ్యా" అంది తల్లి. ఆమె లేచింది. ఒక చెయ్యి బల్ల మీద, ఇంకో చెయ్యి కూతురి భుజం మీద వేసి లేచింది. గుమ్మం పక్కనున్న సంచికేసి చూసింది, కాని దాని దగ్గరికి పోలేదు. పొయ్యి దగ్గరికి పోయి గిన్నెల మీద మూతలు తీసింది. దారిలో తినడానికని తెల్లవారుజామునే వండిన అన్నం, బంగాళాదుంపల కూర, ఉడకబెట్టిన గుడ్లు ఉన్నాయి.

నాలుగు పళ్ళేలు బల్ల మీదికి వచ్చాయి. తల్లి అందరికీ వడ్డించి తనూ కూర్చుంది. గేటు మనిషి ముందు తినలేనట్టు కూర్చుని, తర్వాత ఆమె పళ్ళెంకేసి చూసి, ఆమె ఒక ముద్ద తీశాక తనూ తీశాడు. తండ్రికి గుడ్డు పెంకు గోటికి దొరకలేదు. చిన్నమ్మాయి అది అందుకుని వలిచి ఆయన పళ్ళెంలో పెట్టింది. దూరంగా మధ్యాహ్నం బండి కూత వేసింది. ఎవరూ తల ఎత్తలేదు. అన్నం చల్లారిపోయినా ఎవరూ లేవకుండా పళ్ళేలు ఖాళీ అయ్యేదాకా తిన్నారు.